చిన్నపిల్లలతో రోమ్ ఎలా చూడాలి

ఆరేడేళ్ళలోపు పిల్లలతో రోమ్ వెళ్తున్నారంటే ముందుగా ఒక లెక్క ఒప్పుకోవాలి: రోజుకు ఒక్క పెద్ద చోటు, అదీ పొద్దున్నే. మిగతా రోజంతా పార్కులు, ఫౌంటెన్లు, నిద్ర, తిండి. ఈ లెక్క మీద నాలుగైదు రోజులు వేసుకుంటే పిల్లలూ అలసిపోరు, మీరూ ఊరు బాగా చూస్తారు. రెండు రోజుల్లో కొలోసియం, వాటికన్, పాంథియన్, త్రేవీ అన్నీ ముగించాలనుకుంటే రెండోరోజు మధ్యాహ్నానికి అందరూ చేతులెత్తేస్తారు. ఏం చేయాలో, ఏ వరసలో చేయాలో మొదటినుంచీ చూద్దాం.

వీసా, కాగితాలు

ఇటలీకి షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా కావాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వేసవి సెలవుల్లో వెళ్ళేవాళ్ళు ఈ గడువును పూర్తిగా వాడుకోండి, ఏప్రిల్, మే నెలల్లో అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం. పెద్దవాళ్ళకు రుసుము 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ళలోపు పిల్లలకు 45, ఆరేళ్ళలోపు వాళ్ళకు లేదు. వీసా కేంద్రం తీసుకునే సేవా రుసుము వేరే. 12 ఏళ్ళలోపు పిల్లలకు వేలిముద్రలు అక్కర్లేదు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు, పిల్లలతో సహా అందరికీ ఉండాలి.

పిల్లల దరఖాస్తులు ఎక్కువగా ఆగిపోయేది మూడు చోట్ల. మొదటిది సంతకాలు: అమ్మానాన్నలిద్దరూ సంతకం చేయాలి. ఒక్కరే పిల్లల్ని తీసుకెళ్తుంటే రెండోవారి అంగీకార పత్రం నోటరీ చేయించి పెట్టుకోవాలి. రెండోది జనన ధ్రువపత్రం. ఆసుపత్రి నుంచి వివరాలు వెళ్ళగానే తీసుకున్న పత్రంలో చాలాసార్లు బిడ్డ పేరు ఉండే గడి ఖాళీగా ఉంటుంది. మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో పేరు చేర్పించుకుని కొత్త ప్రతి తీసుకోవడానికి రోజులు పడుతుంది కాబట్టి ఆ గడి ఇవాళే చూసుకోండి. మూడోది ఇంటిపేరు. మన ఇళ్ళలో తల్లి పాస్‌పోర్టులో పుట్టింటి పేరు, బిడ్డ పాస్‌పోర్టులో తండ్రి ఇంటిపేరు ఉండటం మామూలే. యూరప్ సరిహద్దులో అధికారికి అది కొత్తగా కనిపించవచ్చు. జనన ధ్రువపత్రం కాపీ చేతిసంచిలో ఉంటే ఆ ప్రశ్న నిమిషంలో తీరిపోతుంది.

ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ దిగాలి

ఏప్రిల్, మే, అక్టోబర్ మంచి నెలలు. జులై, ఆగస్టుల్లో ఎండ 35 డిగ్రీలు దాటుతుంది. ఎండ మనకు కొత్త కాదు కానీ అక్కడ చూడాల్సినవన్నీ నీడలేని రాతి మైదానాలు. జూన్‌లో బడులు తెరిచేలోపే రావాలంటే మే నెల మొదటి సగం ఎంచుకోండి.

బసకు మా మొదటి ఓటు ప్రాతి ప్రాంతానికి. వాటికన్ పక్కనే ఉంటుంది, నేల సమంగా ఉంటుంది, ఫుట్‌పాత్‌లు వెడల్పు, సూపర్‌మార్కెట్లు దగ్గర, మెట్రో ఎ లైన్‌లో ఒత్తావియానో, లెపాంతో స్టేషన్లు నడిచే దూరంలో ఉంటాయి. మోంతి కొలోసియానికి దగ్గరే కానీ ఎత్తుపల్లాలు. త్రస్తేవెరె చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, అర్ధరాత్రి దాకా వీధుల్లో సందడి ఉండటంతో పిల్లలు నిద్రపోరు. తెర్మిని స్టేషన్ దగ్గరున్న ఎస్క్విలీనోలో మన సరుకులు దొరుకుతాయి, ఆ సంగతి తర్వాత.

హోటల్ గది కంటే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ మేలు. బుక్ చేసేముందు రెండు ప్రశ్నలు అడగండి. లిఫ్ట్ ఉందా, ఉంటే ఎంత వెడల్పు? పాత భవనాల్లో మెట్ల మధ్య ఖాళీలో తర్వాత ఎప్పుడో బిగించిన లిఫ్టులు ఇద్దరు మనుషులకే చాలవు, స్ట్రోలర్ (పిల్లల తోపుడు బండి) మడిస్తేనే పడుతుంది. రెండోది, ప్రధాన ఫ్యూజు ఎక్కడుంది? ఇటలీలో మామూలు ఇంటికి కరెంటు 3 కిలోవాట్లే. వాషింగ్ మెషీన్ తిరుగుతుండగా కెటిల్, రైస్ కుక్కర్ కలిపి పెడితే ఇల్లంతా చీకటవుతుంది. తిరిగి వేసే మీట ఒక్కోసారి కింద మెట్లగదిలో ఉంటుంది. ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకోండి, సరిపోతుంది.

పర్యాటకుల నుంచి ఊరు రాత్రికి ఇంతని పన్ను తీసుకుంటుంది. 10 ఏళ్ళలోపు పిల్లలకు అది లేదు. బిల్లులో పిల్లల్ని కూడా లెక్కేశారేమో చూసుకోండి.

ఇంకొక మంచి మాట. ఇటలీ ఇళ్ళలో బిడే ఉండాలని 1975 నుంచి చట్టమే ఉంది. కమోడ్ పక్కనే చిన్న తొట్టి, దానికి వేడి, చల్లనీళ్ళ కొళాయి. పసిపిల్లల్ని కడగడానికి చాలా వీలైన ఏర్పాటు.

సామాన్లు: స్ట్రోలర్ సంగతి ముందు

రోమ్ వీధులకు సాంపియెత్రీని అనే నల్లరాళ్ళు పరిచి ఉంటాయి. ఒక్కోటి పైన అరచేయంత చదరం, కింద మొనదేలి, నేలలో దిగగొట్టినవి. వాటి మధ్య సందులు బొటనవేలంత. విమానంలో పైన అరలో పట్టే బుల్లి స్ట్రోలర్‌ల ముందు చక్రాలు సరిగ్గా ఆ సందుల్లో అడ్డం తిరిగి ఇరుక్కుంటాయి. బండి ఆగిపోతుంది, బిడ్డ ముందుకు తూలుతుంది. కాబట్టి చక్రం పెద్దది, రబ్బరుది ఉండాలి, ముందు చక్రం తిరగకుండా తాళం వేసే వీలుండాలి. రాళ్ళ వీధి రాగానే ఆ తాళం వేసేయండి. మరీ గతుకులుగా ఉంటే బండిని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందుండేలా లాగండి. రోజూ రాత్రి చక్రాల స్క్రూలు ఓసారి చూసుకోండి, ఆ అదురుకు వదులవుతాయి.

రెండేళ్ళలోపు బిడ్డకు స్ట్రోలర్‌తో పాటు ఒంటికి కట్టుకునే క్యారియర్ తప్పనిసరి. మెట్రో స్టేషన్లలో లిఫ్టులు లేకపోవడం, ఉన్నా పనిచేయకపోవడం మామూలు. నాలుగైదేళ్ళ పిల్లలకు ఇంటి దగ్గర స్ట్రోలర్ మానేసినా ఇక్కడికి తెచ్చుకోండి. రోజుకు పది పన్నెండు వేల అడుగులు వాళ్ళ కాళ్ళకు ఎక్కువ.

స్ట్రోలర్ పిడికి బరువు సంచి తగిలించకండి. బిడ్డ దిగిన మరుక్షణం బండి వెనక్కి పడుతుంది. పైగా తెర్మిని దగ్గరా, మెట్రో ఎ లైన్‌లోనూ జేబుదొంగల చెయ్యి మొదట పడేది ఆ సంచి మీదే.

తిండి సామాన్ల విషయంలో యూరప్ నియమాలు కచ్చితంగా ఉంటాయి. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేకూడదు. అంటే నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చడి సూట్‌కేసులో పెట్టకండి. పసిపిల్లల పాలపొడి, బేబీ ఫుడ్‌కు మినహాయింపు ఉంది: మనిషికి 2 కిలోల దాకా, కంపెనీ ప్యాకింగులో, తెరవకముందు ఫ్రిజ్ అక్కర్లేని రకమైతే తెచ్చుకోవచ్చు. పచ్చి కరివేపాకు, మామిడిపళ్ళు కుదరవు. అరటిపండు, కొబ్బరి, ఖర్జూరం, అనాస లాంటి కొన్నిటికి మాత్రం అడ్డు లేదు. ఆవకాయ, కందిపొడి, పసుపు, కారం తెచ్చుకోండి. ఆవకాయ సీసా వద్దు, నూనె వడకట్టి రెండు జిప్ కవర్లలో వేసి, దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి.

కరెంటు 230 వోల్టులే కాబట్టి మన చిన్న రైస్ కుక్కర్ పనిచేస్తుంది. మన లావు మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్లలో పట్టదు, అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి.

దిగిన రోజు

ఫ్యూమిచీనో విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి రెండు దారులు. లియొనార్డో ఎక్స్‌ప్రెస్ రైలు 32 నిమిషాల్లో తెర్మిని చేరుస్తుంది. టికెట్ 14 యూరోలు, టికెట్ కొన్న ఒక్కో పెద్దవారితో 12 ఏళ్ళలోపు బిడ్డ ఒకరు ఉచితం. అంటే ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలకు 28 యూరోలు. టాక్సీకి పాత ఊరి గోడల లోపలికి ఎక్కడికైనా ఖాయ ధర ఉంది, 55 యూరోలు, సామానుతో కలిపి. తెర్మినిలో దిగి మళ్ళీ మెట్రో మెట్లు, సూట్‌కేసులు, నిద్రమొహం పిల్లలు… మొదటిరోజుకు టాక్సీయే తీసుకోమని చెప్తాం. బయట క్యూలో నిలబడిన తెల్ల టాక్సీ మాత్రమే ఎక్కండి, తలుపు మీద రోమ్ నగరం గుర్తు ఉంటుంది. లోపల "టాక్సీ, టాక్సీ" అంటూ దగ్గరికొచ్చే వాళ్ళ వెంట వెళ్ళొద్దు. టాక్సీల్లో పిల్లల సీటు సాధారణంగా ఉండదు, కావాలంటే ముందుగా బుక్ చేసే కారు సర్వీసులో అడిగి పెట్టించుకోండి.

ఆ సాయంత్రం ఏదీ చూడ్డానికి వెళ్ళకండి. సూపర్‌మార్కెట్‌కు వెళ్ళి పాలు, పెరుగు, బియ్యం, పళ్ళు, డైపర్లు కొనుక్కుని రండి. డైపర్ల ప్యాకెట్ మీద బిడ్డ బరువు కిలోల్లో రాసి ఉంటుంది, మన సైజు అక్షరాల కంటే దాన్నే నమ్మండి.

గడియారం తేడాను వాడుకోవడం

రోమ్ వేసవిలో మనకంటే మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. ఇంటి దగ్గర ఏడింటికి లేచే పిల్ల మే నెలలో రోమ్‌లో మూడున్నరకే లేచి కూర్చుంటుంది. చాలామంది దీన్ని ఎలాగైనా సరిచేయాలని మొదటి మూడు రోజులూ పోరాడతారు. అంత అక్కర్లేదు. సాయంత్రం ఏడున్నర, ఎనిమిది దాకా మెలకువగా ఉంచితే లేచేది అయిదింటికి జరుగుతుంది. అక్కడితో ఆపేయండి. రోమ్‌లో పిల్లలున్న వాళ్ళకు అంతకంటే మంచి సమయం లేదు.

పొద్దున ఆరున్నరకు త్రేవీ ఫౌంటెన్ ముందు నిలబడితే నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది. పదింటికి అదే చోట మనుషుల వీపులు తప్ప పిల్లల ఎత్తుకు ఇంకేమీ కనపడవు. నవోనా చౌకు, స్పెయిన్ మెట్లకు కూడా ఇంతే. స్పెయిన్ మెట్ల మీద కూర్చోవడం 2019 నుంచి నిషేధం, జరిమానా వేస్తారు. పిల్లలు కూర్చోకముందే ఎత్తుకోండి.

రోజును ఇలా విడగొట్టండి: ఆరున్నరకు బయటికి, ఎనిమిదిన్నర నుంచి పదకొండు దాకా ఆరోజు పెద్ద చోటు, పన్నెండుకు భోజనం, ఒంటిగంట నుంచి నాలుగు దాకా బసలో నిద్ర, అయిదు నుంచి ఏడు దాకా పార్కు. మధ్యాహ్నం నిద్ర స్ట్రోలర్‌లో అయిపోతుందిలే అనుకోకండి, ఆ రాళ్ళ మీద ఏ బిడ్డా నిద్రపోదు.

కొలోసియం రోజు

టికెట్లు అధికారిక సైటులో 30 రోజుల ముందు తెరుచుకుంటాయి. పెద్దలకు 18 యూరోలు, 18 ఏళ్ళలోపు వాళ్ళకు ఉచితం. ఉచితమైనా పిల్లల పేరుతో సున్నా ధర టికెట్ తీసుకోవాలి. దీన్ని మర్చిపోయే చాలామంది గేటు దగ్గర ఇరుక్కుంటారు. టికెట్ల మీద పేర్లుంటాయి, పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇంటిపేరు, పేరు రాయండి, ఇనీషియల్స్ వద్దు. తెరిచే సమయానికి, ఎనిమిదిన్నరకు ఉన్న స్లాట్ పట్టుకోండి. నెలలో మొదటి ఆదివారం అందరికీ ఉచితం, పిల్లలున్నవాళ్ళు ఆ రోజు అటువైపు వెళ్ళకపోవడమే మంచిది.

పెద్ద బ్యాక్‌ప్యాకులు, గాజు సీసాలు లోపలికి రానివ్వరు, సామాను దాచే గది కూడా లేదు. మెట్లు నిటారుగా ఉంటాయి. లిఫ్ట్ ఉంది, సిబ్బందిని అడగండి.

లోపలికి వెళ్ళేముందు బయట ఉత్తరం వైపు కమానుల మీదికి పిల్లల చూపు తిప్పండి. ఒక్కో కమాను నెత్తిన రోమన్ అంకె చెక్కి ఉంటుంది, 23 నుంచి 54 దాకా ఇప్పటికీ చదవచ్చు. అవి ప్రేక్షకుల గేటు నంబర్లు. అప్పటివాళ్ళ టికెట్ మీద కూడా అంకె ఉండేదని చెప్తే X, V లాంటి రోమన్ అంకెలు నేర్చుకునే వయసు పిల్లలు అరగంట వదలరు. లోపల ఆట జరిగిన నేల ఇప్పుడు లేదు, దాని కింది గదులు తెరిచి కనిపిస్తాయి. మనుషులు చేత్తో తిప్పే లిఫ్టుల్లో జంతువుల్ని అక్కడినుంచే పైకి తెచ్చేవారు. క్రీ.శ. 80లో తెరిచిన కట్టడంలో లిఫ్టులుండేవని విన్నాక పిల్లలు అడిగే ప్రశ్నలకు మీరు సిద్ధంగా ఉండాలి. గంటంపావు చాలు.

అదే టికెట్‌తో ఫోరం (పాత రోమ్ నడిబొడ్డు శిథిలాలు), పక్కనున్న పలాటైన్ కొండ కూడా చూడొచ్చు. ఫోరం దారి మీద పెద్దపెద్ద రాతి పలకలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, నీడ లేదు, స్ట్రోలర్‌తో నరకమే. నాలుగేళ్ళలోపు పిల్లలుంటే దాన్ని వదిలేసి, కాంపిదోలియో చౌకులో మేయర్ భవనం వెనక్కి వెళ్ళండి. అక్కడి గట్టు మీంచి ఫోరం మొత్తం కిందుగా పరిచినట్టు కనిపిస్తుంది, టికెట్ అక్కర్లేదు. పిల్లల కాళ్ళు ఊరుకోకపోతే సిర్కో మాస్సిమోకు దించండి. రథాలు పరుగెత్తిన మైదానం అది, పొడవు 600 మీటర్లు, ఇప్పుడంతా గడ్డి. ఒక్కో పందెం ఏడు చుట్లు. మీ వాడు ఎన్ని చుట్లు తిరుగుతాడో చూసుకోండి.

పాంథియన్, ఏనుగు, పిల్లులు, తాబేళ్ళు

చిన్నపిల్లలకు రోమ్‌లో అన్నిటికంటే బాగా కుదిరే పూట ఇదే. నడక మొత్తం కిలోమీటరు లోపే.

పాంథియన్ అనే పాత రోమన్ గుడిని తొమ్మిదింటికి తెరుస్తారు. పెద్దలకు 5 యూరోలు, 18 ఏళ్ళలోపు ఉచితం. అది చర్చి కూడా కాబట్టి శనివారం సాయంత్రం, ఆదివారం ఉదయం ప్రార్థన వేళ సందర్శకుల్ని రానివ్వరు. లోపలికి వెళ్ళగానే అందరూ పైకి చూస్తారు: గోపురం మధ్యలో దాదాపు 9 మీటర్ల వెడల్పున్న గుండ్రటి రంధ్రం, దానికి అద్దం లేదు, మూత లేదు. వాన పడితే నేరుగా లోపల పడుతుంది. మీరు పిల్లల్ని కిందికి చూడమనండి. నేల మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, పాలరాతిలో చిన్న చిన్న కన్నాలు 22 ఉంటాయి. ఆ నీళ్ళు పోయేది వాటిలోంచే. దాదాపు 1,900 ఏళ్ళుగా పనిచేస్తున్న తూములు. 22 కన్నాలూ వెతికి లెక్కపెట్టమని చెప్పండి, మధ్య భాగానికి తాడు కట్టి ఉంటే బయటినుంచి కనిపించినన్ని. వానరోజు రోమ్‌లో ఎక్కడికి వెళ్ళాలా అనుకుంటే ఇక్కడికే రండి.

బయటికొచ్చి వెనక వీధిలోకి తిరిగితే మినెర్వా చౌకులో రాతి ఏనుగు వీపు మీద ఈజిప్టు స్తంభం మోస్తూ నిలబడి ఉంటుంది. 1667లో శిల్పి బెర్నినీ గీసిన నమూనా. అక్కడినుంచి అయిదు నిమిషాలు నడిస్తే లార్గో ఆర్జెంటీనా. సీజర్‌ను క్రీ.పూ. 44లో చంపిన చోటు ఇదే. పిల్లలకు మాత్రం ఇది పిల్లుల ఇల్లు. కూలిన స్తంభాల మీద పడుకుని ఉంటాయి, చూసుకోవడానికి స్వచ్ఛంద కార్యకర్తల ఆశ్రయం కూడా అక్కడే ఉంది. ఇంకో అయిదు నిమిషాలకు మత్తేయి చౌకు, అక్కడ తాబేళ్ళ ఫౌంటెన్. కుర్రాళ్ళు చేతులెత్తి నాలుగు కంచు తాబేళ్ళను పై తొట్టిలోకి తోస్తున్నట్టు ఉంటుంది.

దార్లో ఎస్‌పీక్యూఆర్ అనే నాలుగు అక్షరాలు వెతికే ఆట పెట్టండి. రోమ్ సెనేట్, ప్రజలు అని దాని అర్థం. మ్యాన్‌హోల్ మూతల మీద, దీపస్తంభాల మీద, నీటి కొళాయిల మీద, అంతటా ఉంటాయి. నడవనని మొరాయించే పిల్లలు కూడా "ఇంకోటి" అంటూ ముందు పరుగెడతారు.

ఈ నడక ఆగేది పాత యూదుల పేట దగ్గర. అక్కడి కోషర్ (యూదుల ఆహార నియమాలు పాటించే) హోటళ్ళలో పాల వంటలు చేసే చోట మాంసం వండరు. చేప ఉండొచ్చు, అడగండి. శాకాహారులకు ఇది గొప్ప వెసులుబాటు. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా మూసి ఉంటాయి.

వాటికన్

అయిదేళ్ళలోపు పిల్లలతో వాటికన్ మ్యూజియం వద్దు. మైకెలాంజెలో బొమ్మలున్న సిస్టీన్ చాపెల్ (ప్రార్థన గది) చేరేదాకా పొడవాటి గదుల గుండా జనం మధ్య నడవాలి, మధ్యలో వెనక్కి రావడం కష్టం, చాపెల్‌లో మాట్లాడనివ్వరు. పెద్ద పిల్లలుంటే ముందుగా బుక్ చేసుకుని పొద్దున మొదటి స్లాట్‌కు వెళ్ళండి. ఆదివారాలు మూసి ఉంటుంది, ఒక్క నెలాఖరు ఆదివారం తప్ప. ఆ రోజు ఉచితం కాబట్టి జనం విపరీతం.

సెయింట్ పీటర్స్ చర్చి వేరు. ప్రవేశం ఉచితం, ఏడింటికి తెరుస్తారు, ఆ వేళకు తనిఖీ క్యూ చిన్నది. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. బుధవారం ఉదయం పోప్ సభ ఉంటుంది కాబట్టి ఆ రోజు మానుకోండి. గోపురం ఎక్కడానికి 551 మెట్లు. లిఫ్ట్ ఎక్కినా 320 మిగులుతాయి, చివర్లో దారి సన్నగా, గోడ వాలుగా ఉంటుంది. బిడ్డను ఎత్తుకుని ఎక్కొద్దు. దానికి బదులు చౌకులో, ఫౌంటెన్‌కూ మధ్య స్తంభానికీ నడుమ నేల మీద గుండ్రటి రాతి బిళ్ళ వెతకండి. దాని మీద నిలబడితే నాలుగు వరసల స్తంభాలు ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఒకే వరసగా కనపడతాయి. అడుగు పక్కకు వేస్తే మళ్ళీ విడిపోతాయి. పిల్లలు ఆ బిళ్ళ మీదికి పదిసార్లు ఎక్కి దిగుతారు.

సాయంత్రాలు

విల్లా బోర్గేసె పార్కులో రెండు సాయంత్రాలు గడపొచ్చు: చెరువులో పడవలు, నలుగురు కలిసి తొక్కే రిక్షా సైకిళ్ళు, జూ, పచ్చిక. దగ్గర్లోనే ఎక్స్‌ప్లోరా పిల్లల మ్యూజియం ఉంది, గంటా నలభై అయిదు నిమిషాల స్లాట్ ముందే తీసుకోవాలి. జానీకొలో కొండ మీద రోజూ సరిగ్గా పన్నెండింటికి ఫిరంగి పేలుస్తారు. ఉత్త గుండే అయినా చప్పుడు గట్టిది, చంటిబిడ్డ చెవులు ముందే మూయండి.

పూర్తి రోజు మిగిలితే ఓస్తియా ఆంతీకా వెళ్ళండి. మెట్రో బి లైన్‌లో పిరమిడ్ స్టేషన్ పక్కనుంచే రైలు, అరగంట ప్రయాణం, మామూలు సిటీ టికెట్టే చెల్లుతుంది. సోమవారం సెలవు. పైన్ చెట్ల నీడ ఉంటుంది, జనం తక్కువ, పిల్లలు పరుగెత్తొచ్చు. అక్కడి పాత మరుగుదొడ్డిలో రాతి బల్లకు వరసగా రంధ్రాలు చూసి పిల్లలు నవ్వు ఆపుకోలేరు.

సిటీ టికెట్ 1.50 యూరోలు, 100 నిమిషాలు చెల్లుతుంది, మెట్రో అయితే ఒక్క ప్రయాణం. 10 ఏళ్ళలోపు పిల్లలకు పెద్దవాళ్ళతో ఉచితం. గేటు దగ్గర బ్యాంకు కార్డు తాకించి కూడా వెళ్ళొచ్చు, కానీ ఒక్కొక్కరికి వేరే కార్డు కావాలి. ఒకే కార్డు ఇద్దరికి తాకిస్తే రెండోవారికి టికెట్ లేనట్టే.

తిండి, నీళ్ళు

హోటళ్ళు రాత్రి భోజనానికి ఏడున్నరకు గానీ తెరవవు, మన పిల్లలకు ఆరింటికే ఆకలి. సాయంత్రం బసలో పెరుగన్నం పెట్టేయడం తేలిక. అక్కడి అర్బోరియో బియ్యం మెత్తగా, జిగురుగా ఉడుకుతుంది, పసిపిల్లలకు బాగానే ఉంటుంది. పొడి అన్నం కావాలంటే బాస్మతి కొనండి. పెరుగు డబ్బా మీద "బియాంకో" అంటే రుచులు కలపనిది, పక్కన "దోల్చె" అని ఉంటే చక్కెర వేసినట్టు. తిరగమోత వేశాక తెలిస్తే ఏం లాభం, ముందే చూడండి. కందిపప్పు, చింతపండు, పచ్చిమిర్చి ఎస్క్విలీనో మార్కెట్ చుట్టుపక్కల దుకాణాల్లో అడగండి. మార్కెట్‌కు ఆదివారం సెలవు.

బయట పిల్లలకు తేలికైనది ముక్కల పిజ్జా. పొడవాటి పళ్ళెంలోంచి చేత్తో చూపించినంత కత్తెరతో కోసి తూకం వేసిస్తారు. హోటల్లో "పాస్తా ఇన్ బియాంకో" అనండి. మెనూలో ఉండదు, అడిగితే వెన్నో నూనో వేసి కారం, సాసు లేకుండా తెస్తారు. చిన్నవాళ్ళకు టమాటా సాసుతో న్యొక్కీ, అంటే మెత్తటి బంగాళాదుంప ఉండలు. మిరియాల చారు అలవాటున్న పిల్లలు కాచో ఎ పెపె (చీజ్, మిరియాల పాస్తా) ఇష్టంగా తింటారు. శాకాహారులు గుర్తుపెట్టుకోవాల్సినవి: కార్బొనారా, అమత్రిచానా, గ్రిచా అనే పాస్తాలు మూడిట్లోనూ పంది మాంసం ఉంటుంది. సుప్లీ అనే అన్నం ఉండల్లో చాలాచోట్ల మాంసం సాసు కలుపుతారు. పార్మజానో, పెకొరీనో చీజ్‌లను జంతువుల పొట్టలోంచి తీసిన తోడుతో పేరబెడతారు కాబట్టి నిష్ఠగా ఉండేవాళ్ళు "సెంజా ఫొర్మాజ్జొ" (చీజ్ లేకుండా) అని చెప్పాలి. ఎత్తు కుర్చీ కావాలంటే "సెజ్జొలోనె". పాలు కావాలంటే "లాత్తె", గోరువెచ్చగా అయితే "లాత్తె తియెపిదొ".

నీళ్ళ సీసా కొనకండి. రోమ్ వీధుల్లో నాసోని అనే పోతఇనుము కొళాయిలు సుమారు 2,500 ఉన్నాయి, 1874 నుంచీ ఉన్న ఏర్పాటు. నడుమెత్తు స్తంభం, ముక్కులా వంగిన గొట్టం, ఆగకుండా చల్లటి తాగునీళ్ళు. ఆ ముక్కు వంపులో పైన చిన్న కన్నం ఉంటుంది. చివర వేలితో మూయండి, నీళ్ళు ఆ కన్నంలోంచి సన్నటి ధారగా పైకి లేస్తాయి, పిల్లలు ఎంగిలి కాకుండా తాగొచ్చు. వేలు మరీ గట్టిగా నొక్కితే ధార ఎదుటివారి మొహాన పడుతుంది. పిల్లలు ఈ కిటుకు ఒక్కసారిలో పట్టేస్తారు, సంచిలో ఒక జత పొడిబట్టలు పెట్టుకోండి.

పబ్లిక్ టాయిలెట్లు తక్కువ. ఏ బారులోనైనా (అక్కడ బారంటే కాఫీ కొట్టు) కౌంటర్ దగ్గర నిలబడి కాఫీ తాగి "బాన్యో?" అని అడగండి, పిల్లలుంటే కాదనరు. డైపర్ మార్చే బల్ల మాత్రం అరుదు, మడతపెట్టే చిన్న చాప వెంట ఉంచుకోండి.

జ్వరం వస్తే, తప్పిపోతే

మందుల షాపు గుర్తు ఆకుపచ్చ శిలువ. పారాసెటమాల్ అక్కడ తాకిపిరీనా పేరుతో దొరుకుతుంది. మన సిరప్‌లలో 5 మిల్లీలీటర్లకు మందు బలం రకరకాలుగా ఉంటుంది, అక్కడి సీసాలో ఇంకోలా ఉండొచ్చు. ఇంట్లో అలవాటైన "ఒక చెంచా" లెక్క వాడకండి. మీ డాక్టర్‌తో బిడ్డ బరువుకు ఎన్ని మిల్లీగ్రాములో రాయించుకుని వెళ్ళండి. అత్యవసరానికి 112. పిల్లల పెద్దాసుపత్రి బంబీనో జెసూ జానీకొలో కొండ మీదే ఉంది.

రోజూ బయల్దేరేముందు ఆరోజు బట్టల్లో బిడ్డ ఫోటో తీయండి. తప్పిపోతే ఏ రంగు చొక్కా వేశారో కంగారులో గుర్తురాదు. మోచేతి లోపలివైపు పెన్నుతో మీ నంబరు +91తో సహా రాయండి. అమ్మానాన్న కనపడకపోతే నిలబడ్డ చోటే ఉండాలని, కదలొద్దని ఇంటి దగ్గరినుంచే చెప్పి నేర్పండి.

తిరుగు ప్రయాణం

లియొనార్డో ఎక్స్‌ప్రెస్ ఆగే ప్లాట్‌ఫారాలు తెర్మినిలో ఒక చివర, 23, 24. మెట్రో నుంచి అక్కడికి పిల్లలతో పావుగంట పడుతుంది. స్ట్రోలర్‌ను విమానం తలుపు దాకా తీసుకెళ్ళొచ్చేమో చెక్-ఇన్‌లో అడిగి ట్యాగ్ వేయించుకోండి. దుబాయ్, దోహా మీదుగా వస్తుంటే మధ్యలో ఇస్తారా, హైదరాబాద్‌లోనే ఇస్తారా అన్నది కూడా అక్కడే తేల్చుకోండి. అక్కడ ఇవ్వకపోతే అర్ధరాత్రి నిద్రపోతున్న బిడ్డతో ఆ పెద్ద విమానాశ్రయమంతా నడవాలి. అందుకే క్యారియర్‌ను సూట్‌కేసులో పెట్టకండి, చేతిసంచిలో అన్నిటికంటే పైన ఉంచండి.